ప్లగ్గు నల్లబడిందా, గీకే ముందు ఒకసారి దాని మొహం చూడండి

అందరికీ నమస్తే అండీ. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతా చూడండి, ఇది మా బాబాయి మోపెడ్‌లోంచి పొద్దున్నే ఊడదీసిన స్పార్క్ ప్లగ్గు, పాత టూ స్ట్రోక్ బండి. తెల్లారి అయిదింటికి రెండు పాల క్యాన్లు కట్టుకుని కేంద్రానికి పోవాలి ఆయన, కిక్ మీద కిక్ కొడుతున్నాడు, బండి దగ్గుతుంది ఆగిపోతుంది, ఇది ఈ నెలలో మూడోసారి, పోయిన రెండుసార్లూ సాండ్ పేపర్ పెట్టి గీకి మళ్ళీ బిగించాడంట. నాకు బాధేసింది అండీ, ఎందుకంటే ప్లగ్గుని అలా గీకితే శుభ్రం అవ్వడం కాదు, పాడవుతుంది.

లోపల ఈ తెల్ల పింగాణీ ఉంది చూశారా, కరెంటు పక్కదారి పట్టకుండా ఆపేది ఇదే. ప్లగ్గుకి వేల వోల్టుల కరెంటు వస్తుంది, అది ఈ కొసన ఉన్న సందులో దూకితేనే నిప్పు పుడుతుంది. పింగాణీ మీద మసి పట్టిందనుకోండి, మసిలో కరెంటు పోతుంది కదా, ఇక దానికి సందులో దూకడం కన్నా మసి మీదుగా పాకి బాడీలోకి పోవడమే తేలిక, స్పార్క్ రాదు. సాండ్ పేపర్‌తో పింగాణీ మీద గీతలు పడితే ఆ గీతల్లో మసి ఇంకా తొందరగా కూర్చుంటుంది, ఇనప బ్రష్ అయితే ఇంకా ఘోరం, ఇనుము పింగాణీ మీద సన్నగా అంటుకుని అదే కరెంటుకి దారి వేసేస్తుంది.

అందుకే ముందు రంగు చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టే, తుడిచి పెట్టేయండి. పొడి పొడిగా నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, చోక్ లాగి వదిలేశారో ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందో చూసుకోవాలి. తడిగా జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్, ఫోర్ స్ట్రోక్ బండిలో అయితే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ అరిగాయని అనుమానించాలి. తెల్లగా సున్నం కొట్టినట్టు, బొబ్బలు వచ్చినట్టు ఉంటే అది వేడి ఎక్కువైన ప్లగ్గు, దాన్ని కడగడం కాదు, ముందు ఇంజిన్ చూపించండి.

బాబాయిది జిడ్డు కేసు. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతారు కదా, బాబాయ్ ఆయిల్ ఎంత పోస్తున్నావ్ అంటే, లీటరు పెట్రోలుకి 20 మిల్లీ సరిపోయే బండికి అందాజాగా దానికి రెట్టింపు పోస్తున్నాడు, ఆయిల్ ఎక్కువుంటే ఇంజిన్‌కి మంచిదని ఎవరో చెప్పారంట. పైగా కేంద్రం కిలోమీటరున్నర దూరం కూడా లేదు. ప్లగ్గు కొస సుమారు 500 డిగ్రీలు ఎక్కితే గానీ దాని మీది మసి దానంతట అది కాలిపోదు, ఈ దూరానికి అంత వేడి ఎక్కడ ఎక్కుతుంది చెప్పండి.

సరే కడుగుదాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, అల్యూమినియం హెడ్డు కదా, వేడి మీద పానా వేస్తే థ్రెడ్డు పోతుంది. తీసే ముందు ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదేయండి, లేకపోతే ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. కొంచెం పెట్రోల్లో నానబెట్టి, పొయ్యికి బీడీకి దూరంగా అండీ, పాత టూత్‌బ్రష్‌తో పింగాణీ మెల్లగా రుద్దండి, ఇత్తడి బ్రష్ థ్రెడ్డుకి బయట లోహానికి మాత్రమే. ఇరిడియం ప్లగ్గు అయితే దాని కొస సూదిలా ఉంటుంది, బ్రష్ అసలు తగలనివ్వద్దు. కొంతమంది గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతారు, పింగాణీ పగులుతుంది, వద్దు. బాగా ఆరనివ్వండి.

తర్వాత గ్యాప్, అంటే నిప్పు దూకే ఆ సందు. మన మెకానిక్‌లు హ్యాక్సా బ్లేడు దూర్చి చూస్తారు, దాని మందం 0.6 మిల్లీమీటర్ల పైచిలుకు, పాత బళ్ళకి పనికొస్తుంది గానీ కొత్త బళ్ళకి ఎక్కువ గ్యాప్ ఉంటుంది, ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు కోడ్ చివర 9 ఉంటే 0.9 మిల్లీమీటర్లు అని, అందుకే మాన్యువల్ చూసి ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్న రేకులతో, పెట్టండి. వంచాల్సింది బయటి కొక్కాన్నే, మధ్య కడ్డీ జోలికి పోవద్దు. కొత్తది కొనేటప్పుడు కూడా కోడ్ మధ్యలో ఉండే నంబరు మార్చకండి, ఎన్‌జీకేలో ఆ నంబరు పెరిగితే ప్లగ్గు చల్లది, అంటే వేడిని తొందరగా వదిలేసేది, బాష్ కంపెనీలో నంబరు పెరిగితే వేడిది, అంటే వేడిని నిలుపుకునేది, రెండూ ఒకటే అనుకుని చాలామంది తప్పు ప్లగ్గు వేసేస్తారు.

బిగించేటప్పుడు పానా పక్కన పెట్టి వేళ్ళతో తిప్పండి, చివరిదాకా వేళ్ళతోనే పోవాలి, తర్వాత పానాతో కొత్త ప్లగ్గు అయితే అర చుట్టు, వాడిందయితే కొద్దిగా, చుట్టులో పన్నెండో వంతు అంతే, వాషర్ ముందే అణిగిపోయి ఉంటుంది.

ట్యాంకులో పాత పెట్రోలు దింపేసి, లీటరుకి 20 మిల్లీ కొలిచి పోశాం, ఎయిర్ ఫిల్టర్ కూడా కడిగి ఆరబెట్టి పెట్టాం. బాబాయ్, నువ్వే కొట్టు కిక్, నేను మైకు దగ్గర పెడతా... ఒకటి... రెండు... ఆ, విన్నారా!