గడియారం ఆగింది మెషీన్‌తోని కాదు, గోడతోని!

ఆగుండ్రి, ఆగుండ్రి. ఆ మెషీన్ల ఏ లోపం లేదు! పాత నిలువు గడియారం వారం తిరగకముందే ఆగిపోతున్నదని ఇత్తడి మెషీన్ పీకేసి, సెల్లు మెషీన్ పెట్టి, డబ్బాకు తళతళ పాలిష్ కొట్టి "రిపేర్ అయింది" అని చూపెట్టిన వీడియో మీరందరు చూసే ఉంటరు. రిపేరా అది? రెండు స్క్రూలతోని పోయే పనికి ప్రాణం తీసిండు!

ఐదో రోజో ఆరో రోజో ఆగుతదంటున్నరు కదా. మెషీన్ చెడిపోతే మొదటి రోజే ఎందుకు ఆగదు? జర ఆలోచించుండ్రి.

ఒక్కసారి తాళం ఇస్తే ఎనిమిది రోజులు నడిచే గడియారంల తీగ చుట్టుకునే డోలు మొత్తం 16 చుట్లు తిరుగుతది. ఆ తీగకు వేలాడి, తన బరువుతోని గడియారాన్ని నడిపించే గుండు దినానికి సుమారు 6 అంగుళాలు దిగుతది. పెండ్యులం పొడుగు 99.4 సెంటీమీటర్లు, పోయి రానీకి 2 సెకన్లు. దిగుకుంట దిగుకుంట తీగకు వేలాడే గుండు గూడ అదే పొడుగుకు వచ్చిందనుకో, దాని ఊపు గూడ 2 సెకన్లే అయితది. డబ్బా రవ్వంత కదిలినా చాలు, గుండు ఊగుడు మొదలువెడ్తది. పెండ్యులం బలం మొత్తం గుండు గుంజుకుంటది. ఊపు తగ్గి చక్రం పల్లు దాటదు, ఇగ టిక్కు బంద్! మరుసటి రోజు తాళం ఇచ్చి గుండు పైకెక్కిస్తే మల్ల నడుస్తది. దయ్యం పట్టిందని గుడ్డ కప్పినోళ్లు గూడ ఉన్నరు.

డబ్బా ఎందుకు కదులుతదంటే, దాని అందమే దానికి శత్రువు. 1670 ప్రాంతంల, టిక్కు టిక్కుకు చక్రం పల్లు ఒక్కొక్కటే వదిలే లంగరు ఆకారం ముక్క వచ్చినంక పెండ్యులం ఊపు నాలుగైదు డిగ్రీలకు తగ్గింది, అందుకే డబ్బా నడుము సన్నగ చెయ్యగలిగిన్రు. సన్న నడుము, లోతు తక్కువ, మెషీన్ పైన, తాళం ఇచ్చినంక ఐదారు కిలోల గుండ్లు రెండు గూడ పైన్నే. పెండ్యులం మెషీన్ వెనక కొక్కేనికి, మెషీన్ అడ్డ చెక్క మీద, అడ్డ చెక్క డబ్బా పక్క చెక్కల మీద. ఊపు సీదా డబ్బాకే పోతది. నన్నడిగితే గోడ గూడ మెషీన్ల ఒక పార్టే!

రుజువు కావాల్నా? డబ్బా వెనక పలకకు, మెషీన్ ఎత్తుల చూడుండ్రి. చానా పాత డబ్బాలకు గోడకు బిగించిన స్క్రూ బొక్కలుంటయి. అవి పాలిష్ ఆయన పుట్టీ పెట్టి మూసేసే బొక్కలే!

మన వరంగల్ ఇండ్లల్ల కథ ఇంకో తీరు. నున్నటి గ్రానైట్ నేల, కింద స్కర్టింగ్ రాయి ముందుకు పొడుచుకొచ్చి ఉంటది. డబ్బా అడుగు దానికి తగిలి, పైన గోడకు సందు మిగుల్తది. ఆ సందంత మందం టేకు పట్టీ పెట్టుండ్రి, గోడకు డ్రిల్లేసి ప్లగ్గు కొట్టుండ్రి, వెనక పలక నుంచి పట్టీలకు, పట్టీల నుంచి గోడకు స్క్రూ. మొదలు రసమట్టం పెట్టి అడుగు కింద చెక్క పేళ్లతోని నిలువు సరిజేసి, అప్పుడే బిగించుండ్రి. బిగించినంక పైన చెయ్యి పెట్టి నూకి చూడుండ్రి, కదలొద్దు. తలుపు తీసి చూస్తే గుండ్లు రాయి లెక్క నిలవడాలె.

టిక్కు-టాక్ సమానంగ లేకపోతే పెండ్యులాన్ని చెయ్యితోని మెల్లగ ఎడమకు, కుడికి జరిపి ఏ దిక్కు తొందరగ టిక్కంటదో చూసి, లంగరు నుంచి దిగి పెండ్యులాన్ని నూకే వెనక కడ్డీని ఆ దిక్కే కొంచెం వంచుండ్రి. లంగరును ఇంకో చేత్తోని పట్టుకోని! లేకుంటే ఇరుసు వంగుతది. చక్రాల పల్లకు నూనె పొయ్యొద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. ఇరుసు మొనలకు, లంగరు కొనలకు గడియారం నూనె చుక్క చాలు. గడియారాన్ని ఒక తావు నుంచి ఇంకో తావుకు తెచ్చేటప్పుడు పెండ్యులం విప్పుండ్రి, పైన సన్న స్ప్రింగు ముడతవడితే ఊపు వంకర పోతది.

ఎండకాలం లేటయితున్నదని లొల్లి పెట్టకుండ్రి. పెండ్యులం కడ్డీ ఇనుపదైతే 15 డిగ్రీల చలి నుంచి 45 డిగ్రీల ఎండకు దినానికి సుమారు 15 సెకన్లు వెనకవడ్తది. కింద నట్టు పైకి తిప్పి పెండ్యులాన్ని ఒక్క మిల్లీమీటరు లేపితే దినానికి 43 సెకన్లు ముందుకు వస్తది. అంటే నట్టు కొంచెం తిప్పుడుతోనే అయిపోయే పని.

మీ ఇంట్ల గిట్లాంటి గడియారం ఉంటే వెనక పలకకు పాత బొక్కలు ఎన్నున్నయో, నేల నుంచి ఎంత ఎత్తుల ఉన్నయో టేపు పెట్టి కొలిచి కింద రాయుండ్రి. బొక్కల్లేని పాత డబ్బా ఎవరన్న చూపెడ్తరా, చూస్త!