కట్టేసిన గేదె మేత మానదు

శ్రోతలకు నమస్కారం.

ఆర్టీసీ డిపోలో ముప్ఫై రెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. నడిచే బండి గురించి చెప్పమంటే ఎవరైనా చెబుతారు. నేను ఇవాళ ఆగి ఉన్న బండి గురించి చెబుతాను. చెడిపోయి ఆగిన బండి కాదు, మనమే ఆపుకున్న బండి. తాళం వేసి, పైన కవర్ కప్పి, నెలల తరబడి వదిలేసిన బండి. రేడియో వాళ్లు నాకు ఇచ్చింది పది నిమిషాలు. అందుకని ఒక్క బండి కథే చెబుతాను.

రెండేళ్ల కిందట అక్టోబరులో నేనూ మా ఆవిడా అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. మిషిగన్ రాష్ట్రం. అక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఉండడమంటే, ఏడాదిలో మంచి నెలలన్నీ వదిలేసి చలి నెలలన్నీ ఏరుకున్నట్టు. కోడలి పురుడు అప్పుడే వచ్చింది మరి, మన చేతుల్లో ఏముంది!

పక్కింటి వాకిట్లో మా పల్లెవెలుగు బస్సులో ముప్పాతిక వంతు ఉండే బండి ఒకటి నిలబడి ఉండేది. దాన్ని మోటార్‌హోమ్ అంటారని మనవడు చెప్పాడు. లోపల పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, అన్నీ ఉంటాయి. మన వాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే చైతన్యరథం. 1982లో రామారావుగారు పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించుకుని, హరికృష్ణగారు నడుపుతుంటే ఊరూరా తిరిగి, అందులోనే పడుకున్నారు కదా. అలాంటిదే, కాకపోతే ప్రచారానికి కాదు, విహారానికి. ఆ పక్కింటి పెద్దాయనది కూడా నా వయసే. వేసవిలో భార్యాభర్తలిద్దరూ అందులో తిరుగుతారు. చలికాలం ఆరు నెలలూ బండి వాకిట్లోనే.

అక్టోబరు చివర్లో ఆయన ఆ బండిని చలికాలానికి సిద్ధం చేస్తుంటే నేను గోడ మీద కూర్చుని చూశాను. పని తెలిసిన మనిషి. గొట్టాల్లో నీళ్లు మిగిలితే గడ్డకట్టి, ఉబ్బి, గొట్టం చీలిపోతుంది. అందుకని నీళ్లన్నీ వదిలేసి, గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం ఒకటి ఎక్కించాడు. ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా తువ్వాలు అడ్డం పెట్టాడు, లేకపోతే బూజు పడుతుంది. ఎలుకలు దూరే కంతల్లో ఇనుప పీచు కుక్కాడు. పైకప్పు అతుకులు వేలితో తడిమి తడిమి చూశాడు. టైర్ల కింద చెక్కలు వేసి, గాలి నిండా పెట్టి, ఎండ తగలకుండా తొడుగులు తొడిగాడు. మా డిపోలో చేరి ఉంటే ఈయన ఫోర్‌మన్ అయ్యేవాడు అనుకున్నాను.

"బ్యాటరీ సంగతేంటో అడుగు నాన్నా" అన్నాను మనవడితో. ఆ బండికి రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజను స్టార్ట్ చేయడానికి, రెండోది లోపలి దీపాలకీ, ఫ్యాన్లకీ, నీళ్ల పంపుకీ. ఈ రెండోదాన్ని ఇంటి బ్యాటరీ అందాం. పెద్దాయన తలుపు పక్కన ఒక స్విచ్ చూపించి, అది నొక్కేస్తే ఇంటి బ్యాటరీ నుంచి కరెంటు ఆగిపోతుందన్నాడు. ఇంజను బ్యాటరీ కోసమేమో, ఆదివారం ఆదివారం బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతానన్నాడు. నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

అన్నట్టుగానే ప్రతి ఆదివారం ఆయన వచ్చేవాడు. ఉన్ని టోపీ పెట్టుకుని, దీపాలు వేసి, లోపల వేడిగాలి పెట్టుకుని, సరిగ్గా ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఇంజను వేడెక్కదు. సైలెన్సర్ లోపల ఊరిన తేమ ఆవిరవదు, అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. చలికి బిగుసుకున్న బ్యాటరీ ఛార్జింగ్ కూడా తొందరగా తీసుకోదు. ఆకలిగా ఉన్నవాడి నోట్లో మెతుకు పెట్టి కంచం తీసేయడమే అది. స్టార్ట్ చేస్తే అరగంటో ముప్పావుగంటో రోడ్డు మీద తిప్పాలి, లేదంటే అసలు స్టార్టే చేయకూడదు. జనవరిలో మంచు మోకాళ్ల దాకా పడేసరికి ఆదివారం పూజ కూడా ఆగిపోయింది.

మా డిపోలో మొదట్లో ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు. ఆయన మాట ఒకటి నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కట్టేసిన గేదె మేత మానదురా" అనేవాడు. పాలివ్వకపోయినా, పొలం వెళ్లకపోయినా, మేత మేస్తూనే ఉంటుంది. ఆగిన బండీ అంతే. 2020లో లాక్‌డౌన్ వచ్చి మార్చి 22 నుంచి మే 21 దాకా బస్సులు డిపోలోనే నిలబడిపోయినప్పుడు ఆ మాట తలుచుకునే బ్యాటరీల తీగలు విప్పించుకుంటూ తిరిగాను.

ఏప్రిల్ వచ్చింది. మేం సూట్‌కేసులు సర్దుకుంటుంటే పక్కింటాయన తలుపు కొట్టాడు. వెళ్లి చూశాం. తాళం తిప్పితే టక్ టక్ అంటోంది తప్ప ఇంజను తిరగడం లేదు. మా అబ్బాయి కారు నుంచి కేబుల్స్ తగిలిస్తే అది లేచింది. ఇంటి బ్యాటరీ మూత తీసి చూస్తే మాత్రం నాకు నోట మాట రాలేదు. డొక్కలు ఉబ్బిపోయి, ఒక పక్క నిలువునా పగిలి ఉంది.

బ్యాటరీ లోపల ఉండేది నీళ్లు కలిపిన యాసిడ్. నిండుగా ఛార్జ్ ఉంటే అది సున్నాకు కింద 50 డిగ్రీల చలికి కూడా గడ్డకట్టదు. ఛార్జ్ దిగుతున్న కొద్దీ యాసిడ్ సారం సీసం పలకలకు పట్టేసి, మిగిలేది దాదాపు నీళ్లే. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ సున్నాకు కింద ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకడుతుంది. మిషిగన్ చలికి అదెంత!

మరి స్విచ్ ఆపేశాడు కదా, ఛార్జ్ ఎలా దిగింది? అదీ నాకు పట్టుకున్న పురుగు. ప్రయాణం రెండు రోజుల్లో ఉంది, మా ఆవిడ పిలుస్తోంది, నేను కదల్లేదు. ఆయన కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి పెట్టాక, స్విచ్ ఆపించి, నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకీ టెర్మినల్‌కీ మధ్య మీటర్ పెట్టాను. ముల్లు సున్నా మీద ఉండాలి. లేదు. వంద మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియర్‌లో పదో వంతు. ఎవరో లోపల తాగుతున్నారు! ఒక్కో ఫ్యూజ్ పీకుతూ పోయాను. ఐదోది పీకగానే ముల్లు సున్నాకు పడిపోయింది.

పొయ్యి కింద, నేలకు జానెడు ఎత్తులో, అగ్గిపెట్టెలు రెండు కలిపినంత డబ్బా ఒకటి, దాని మీద చిన్న పచ్చ దీపం. గ్యాస్ లీకైతే అరిచే పరికరం. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది, అందుకే నేల దగ్గర పెడతారు. ప్రాణానికి సంబంధించింది కాబట్టి స్విచ్ ఆపినా ఆగకుండా దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపారు. తప్పేం కాదు. అయితే లెక్క చూడండి. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్. ఇది లాగేది ఆంపియర్‌లో పదో వంతు, అంటే రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీ నలభై రెండు రోజుల్లో ఖాళీ. నవంబరు ఒకటిన మొదలెడితే డిసెంబరు రెండో వారానికి అయిపోయింది. ఆ పచ్చ దీపం ఆరిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. కట్టేసిన గేదె మేత మానదు.

ఇక మన సంగతి. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, ఎక్కడ చూడండి, పిల్లల దగ్గరికని ఆరు నెలలు అమెరికా వెళ్లే పెద్దవాళ్లున్నారు. మోటార్‌హోమ్ లేకపోయినా సెల్లార్‌లో కారు ఉంటుంది. ఆ కారులో గడియారం, అలారం, రిమోట్ కోసం కాచుకుని ఉండే సెన్సర్, ఇవన్నీ మేస్తూనే ఉంటాయి. చలికి గడ్డకట్టదు గానీ, మన ఎండకు ఛార్జ్ ఇంకా తొందరగా దిగుతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకలకు పట్టిన ఆ సారం తెల్లగా గట్టిపడిపోయి, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఎక్కదు.

అందుకని ఒక్క పని చేయండి. ఒక్కటే. వెళ్లేముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. పదో నంబరు స్పానర్ చాలు, చాలా కార్లకు సరిపోతుంది. నెగటివే ఎందుకంటే, పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రేగుతాయి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. మళ్లీ చెబుతున్నాను. విప్పేటప్పుడు ముందు, పెట్టేటప్పుడు చివర. విప్పిన తీగ మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. ఇంకో మాట. తీగ విప్పాక రిమోట్ పనిచేయదు. రిమోట్‌లోనే దాగి ఉండే చిన్న తాళంచెవి ఎక్కడుందో ముందే చూసుకోండి. "అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్యి బాబూ" అని వాచ్‌మన్‌కు మాత్రం చెప్పకండి. అతనూ ఐదు నిమిషాలే చేస్తాడు.

నేనూ విప్పే వెళ్లాను. తిరిగి వచ్చిన మర్నాడు మా బావమరిదిని తోడు తీసుకుని సెల్లార్‌లోకి దిగాను. తీగ బిగించి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. "చూశావా" అన్నాను గర్వంగా. గేర్ వేసి క్లచ్ వదిలితే బండి వెనక చక్రాలు పాతేసినట్టు కదలదు. అక్టోబరులో వానకు తడిసిన కారును తెచ్చి పెట్టి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగేసి వెళ్లాను. ఆరు నెలల్లో బ్రేక్ షూలు తుప్పు పట్టి డ్రమ్ములకు అతుక్కుపోయాయి. మెకానిక్ కుర్రాడొచ్చి సుత్తితో కొట్టి కొట్టి ఊడదీశాడు. "గేర్‌లో పెట్టి చక్రం కింద ఇటుక పెట్టాలి సార్, హ్యాండ్ బ్రేక్ వేయకూడదు. ఇంతకీ మీరేం చేసేవారు?" అన్నాడు.

మా బావమరిది నోరు తెరవబోయాడు. నేను డబ్బులిచ్చి పంపించేశాను.

నమస్కారం.