రంగు చూసి బోల్తా పడ్డాను: గుడ్డ కప్పిన సీసాల్లో ఆరు రెడ్ వైన్లు

ఈ గ్లాసు చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. వెనకాల కాగితం పట్టుకుంటే అక్షరాలు చదవగలుగుతున్నాం కదా? అంత పల్చటి ఎరుపు. అంచు దగ్గరకొచ్చేసరికి ఎరుపు కూడా కాదు, ఇటుక రంగు. ఇది మెత్తటి వైన్, నోట్లో పోస్తే జారిపోతుంది అనిపిస్తోందా? నాకూ అలాగే అనిపించింది. ఏడుగురు వైన్ రచయితల మధ్య ఎనిమిదోవాణ్ణిగా కూర్చుని, నోట్‌బుక్కులో పెన్ను నొక్కి మరీ రాశాను: పినో న్వార్, బర్గండీ. అంటే పల్చటి రంగు వైన్ ఇచ్చే ద్రాక్ష, ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతంది. ఇంకా నోట్లో పోసుకోలేదు. పోసుకున్నాక పరువు పోయింది.

నమస్తే అండీ. తాగే వయసు రానివాళ్లు ఈ వీడియో ఇక్కడితో ఆపేయండి. మిగతావాళ్లు రండి, ఆ సాయంత్రం ఏం జరిగిందో చెబుతాను. రెండో రౌండ్ అయ్యాక ఒక్కో సీసాలో కాస్త కాస్త మిగిలితే అడిగి తెచ్చుకున్నాను, అవే ఇవి.

ఆరు సీసాలు, ఏ వైనో తెలియకుండా అన్నిటికీ గుడ్డ సంచులు తొడిగారు. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు. పక్కన ఉమ్మడానికి తలో బకెట్. అవునండీ, ఉమ్మేస్తాం. చూడ్డానికి బాగోదు, నేను మొదటిసారి చొక్కా మీదే ఉమ్ముకున్నాను. కానీ మింగుతూ పోతే ఆరోదానికొచ్చేసరికి ఏదైనా అద్భుతంగానే ఉంటుంది, ఇక రివ్యూ ఏం చెబుతాం?

తేలికపాటి వైన్ ముందు, బరువైనది తర్వాత, ఇది మామూలు పద్ధతే. పోసినాయన మాత్రం రంగుని బట్టి వరస పెట్టారు. పల్చగా ఉన్నది మొదట, ఇంకులా నల్లగా ఉన్నది ఆఖర్న. తేడా అక్కడే కొట్టింది.

సరే, నా "పినో". వాసన బ్రహ్మాండం. ఎండిన గులాబీ రేకులు, పుల్ల చెర్రీ, వెనకాల ఎక్కడో తారు రోడ్డు వాసన. గుక్క తీసుకుని నోరంతా తిప్పాను. రెండు సెకన్లు హాయిగానే ఉంది. మూడో సెకన్లో పై పెదవి చిగుళ్లకి అతుక్కుపోయింది. నాలుకతో పళ్లు తడుముకుంటే గరుకు కాగితం తడిమినట్టుంది. అది పినో కాదు, బరోలో. ఇటలీలో పియెమోంటే ప్రాంతంది. నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. కోత అయిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కేసి 38 నెలలు నిల్వ ఉంచాకే బరోలో అని అమ్మాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో. ఆ ద్రాక్షలో రంగు తక్కువ, టానిన్ మాత్రం దండిగా.

టానిన్ అంటే ఏంటో అని కంగారు పడకండి. దానికి మన భాషలో చక్కటి మాటుంది, వగరు. ద్రాక్ష తొక్కలోంచీ గింజల్లోంచీ వస్తుంది, పీపా చెక్కలోంచి కూడా కొంత. మన ఉమ్మిలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లుంటాయి. టానిన్ వాటిని పట్టేసుకుంటుంది. నూనె తుడిచేసిన తలుపు బందులాగా నోరు కిర్రుమంటుంది. అంటే వగరు నాలుక రుచి చూసేది కాదు, తాకి తెలుసుకునేది. చేదు వేరు, వగరు వేరు. ఆ బల్ల దగ్గర ఒకావిడ "ఇది చేదుగా ఉంది" అని తక్కువ మార్కులు వేశారు. చేదు కాదండీ, వగరు అని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ రెండో మాట ఆవిడ భాషలో అంత సులువుగా దొరకదు మరి.

ఇంకోటి. వగరు పోగుపడుతుంది. గ్యాప్ ఇవ్వకుండా తాగితే మొదటి గుక్క కంటే రెండోది, దానికంటే మూడోది ఎక్కువ పట్టేస్తాయి. అంటే మొదటి గ్లాసే బరోలో అయితే తర్వాతి ఐదింటి గతి ఏమిటో ఆలోచించండి.

రెండోది ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతంది, గమే అనే ద్రాక్షతో చేసింది. గుత్తులు చితక్కొట్టకుండా కార్బన్ డయాక్సైడ్ నింపిన తొట్టిలో ఉంచితే పండు లోపలే పులియడం మొదలవుతుంది, అందుకే వగరు తక్కువ, పండ్ల వాసన ఎక్కువ. బరోలో తర్వాత ఇది నీళ్లలా ఉంది. పాపం.

మూడోది స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంది, గ్రాన్ రిజర్వా రకం. అంటే మొత్తం ఐదేళ్లు ఆగాలి, అందులో రెండేళ్లయినా పీపాల్లో. వెనీలా, కొబ్బరి వాసన గుప్పుమంది. అవి ద్రాక్షవి కాదు, అమెరికన్ ఓక్ చెక్కవి. మొదటి రౌండ్‌లో దీనికి "నీరసం" అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటాను, ఆగండి.

నాలుగోదాని దగ్గర బల్లంతా నిశ్శబ్దం. కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష వైన్ అది. వాసన చూశాను, తడిసిన అట్టపెట్టె. మళ్లీ చూశాను, అదే, కాస్త తగ్గింది. చుట్టూ చూస్తే అందరూ తలొంచుకుని ఏదో రాసుకుంటున్నారు, ఎవరూ నోరు మెదపరు. ఎందుకంటే తప్పు చెబితే చిన్నతనం. చివరికి అందరికంటే చిన్నమ్మాయి, "కార్క్ వల్ల చెడిపోయింది కదా ఇది?" అంది. హమ్మయ్య, ఏడు తలలు ఒకేసారి ఊగాయి, నాది కూడా. కార్క్ మూతలోంచి వచ్చే టీసీఏ అనే పదార్థం, లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, సీసా పాడైనట్టే. ఇది దుర్వాసన వేయడంతో ఆగదు, వాసన పట్టే కణాలనే మొద్దుబారుస్తుందని 2013లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. పండు వాసన మాయమవడానికి అదీ ఒక కారణం. ఇది ఆ వైనరీ రుచి కాదు, ఆ ఒక్క కార్క్ చేసిన పని. అందుకే పేరు చెప్పను. అదే వైన్ ఇంకో సీసా తీస్తే శుభ్రంగా ఉంది, బాగుంది, అంతకు మించి చెప్పడానికేం లేదు.

ఐదోది నాకు ఇష్టమైన సిరా (రాసే సిరా కాదు, ఓ ద్రాక్ష పేరు), ఫ్రాన్స్‌లో రోన్ నది ఉత్తరపు భాగం నుంచి. అప్పుడే దంచిన మిరియాల వాసన! దానికి కారణం రొటండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉన్నదీ, సిరాలో ఉన్నదీ ఒకటేనని ఆస్ట్రేలియాలో కనిపెట్టి 2008లో ప్రచురించారు. తమాషా ఏంటంటే, ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ వాసన అస్సలు తెలీదు. నేను "అబ్బ, మిరియాలు" అంటుంటే నా పక్కనాయన అనుమానంగా చూశారు. "మిరియాలు ఎక్కడండీ? నాకు బ్లాక్‌బెర్రీ తప్ప ఏం లేదు." ఇరవై ఏళ్లుగా వైన్ గురించి రాస్తున్న మనిషాయన! ఇద్దరి నోట్సూ నిజమే. అందుకే నేను మిరియాలంటే మీకు తగలకపోవచ్చు, నన్ను తిట్టుకోవద్దు.

ఆరోది మాల్బెక్ అనే ద్రాక్షది, అర్జెంటీనాలోని మెండోజా నుంచి. గ్లాసు వెనక వేలు పెడితే కనిపించదు, అంత నలుపు. దీన్ని చూసి అందరం నోరు బిగించుకున్నాం. తీరా చూస్తే మెత్తగా, రేగడి మట్టిలా నున్నగా ఉంది! వగరు ఉంది కానీ కరవదు. కొంచెం వెచ్చబడి ఆల్కహాల్ ముక్కుకి కొట్టింది. 16, 18 డిగ్రీల దగ్గర ఇచ్చుంటే ఇంకా బాగుండేది.

2001లో ప్రచురితమైన ఓ ప్రయోగం ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దానికి రెడ్ వైన్‌కి వాడే మాటలే రాశారు. ఇన్నాళ్లూ అది చెప్పి నవ్వేవాణ్ణి. ఇక నవ్వను.

బ్రేక్‌లో అందరం నీళ్లు తాగి, పావుగంట ఆగి, మిగిలిన వైన్‌తో వరస మార్చాం. ఈసారి వగరుని బట్టి: బోజొలే, మాల్బెక్, రియోహా, సిరా, కాబెర్నే, ఆఖర్న బరోలో. నీళ్లలా ఉందన్న బోజొలే ఘుమఘుమలాడింది. నీరసం అన్న రియోహాలో ఎండిన అంజీర్, తోలు, పొగాకు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నా లిస్టులో ఐదో స్థానం నుంచి రెండోదానికి ఎక్కింది. బరోలో ఒకటో స్థానం, గంటన్నర గాలి తగిలాక గులాబీ ఇంకా విచ్చుకుంది. సిరా మూడు. మాల్బెక్ నాలుగు, అయితే రెడ్ వైన్ మొదటిసారి రుచి చూసేవాళ్లకి నేను ముందు ఇచ్చేది ఇదే. బరోలోతో మాత్రం మొదలుపెట్టకండి.

చివర్లో గ్రూప్ ఫొటో. "నవ్వండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఎనిమిది మందిలో ఒక్కరూ పెదవి విప్పలేదు. మాల్బెక్ పుణ్యమా అని అందరి పళ్లూ ఊదారంగు.