బ్లాక్ మౌంటెన్ కాలేజీని తలచుకుంటూ

అందరికీ నమస్కారం.

అమెరికాలో నార్త్ కరోలినా కొండల మధ్య 1933లో మొదలై, 1957లో మూతపడిన ఒక చిన్న కాలేజీ గురించి ఈ పూట మాట్లాడతాను. పేరు బ్లాక్ మౌంటెన్ కాలేజీ. అన్నేళ్ళలో అక్కడ చదివినవాళ్ళంతా కలిపి సుమారు 1,200 మంది. మన పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్క ఏడాదే అంతమంది చేరతారు.

ఫ్లోరిడాలో రాలిన్స్ కాలేజీ వాళ్ళు తీసేసిన జాన్ ఆండ్రూ రైస్, ఆయన వెంట బయటికొచ్చిన కొందరు అధ్యాపకులు కలిసి దీన్ని పెట్టారు. ఆర్థిక మాంద్యం రోజులు. చేతిలో డబ్బు లేదు, భవనాలు అద్దెవి. అయినా పైన ధర్మకర్తల బోర్డు వద్దనుకున్నారు. కాలేజీ పంతుళ్ళదే, పెత్తనమూ వాళ్ళదే. ఫలానా సబ్జెక్టు చదివి తీరాలన్న నియమం లేదు. చదువుతోపాటు పొలం పని, వంటింటి పని కూడా ఉండేవి. 1941లో లేక్ ఈడెన్ ఒడ్డుకు మారినప్పుడు అక్కడి ప్రధాన భవనాన్ని విద్యార్థులూ పంతుళ్ళూ చేతులారా కట్టుకున్నారు.

నాజీల ఒత్తిడికి జర్మనీలో బౌహౌస్ అనే పేరున్న కళల, డిజైన్ బడి మూతపడిందీ 1933లోనే. అక్కడ పనిచేసిన జోసెఫ్ ఆల్బర్స్, ఆనీ ఆల్బర్స్ దంపతులు ఇక్కడికి వచ్చారు. జోసెఫ్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏం నేర్పుతారని అడిగితే కళ్ళు తెరిపిస్తానన్నారు. రాలిన ఆకులు, పాత కాగితాలు ముందేసుకుని పాఠం చెప్పేవారు. ఆనీ అయితే ఒక విద్యార్థితో కలిసి నగలు చేశారు. సింకులో చెత్త అడ్డుకునే జాలీ తీసుకుని, దానికి పేపర్ క్లిప్పులు, గొలుసు తగిలించి హారం కట్టారు. ఆ హారం ఫొటో ఒకసారి తప్పకుండా చూడండి. గుండ్రటి జాలీ, చుట్టూ వేలాడే క్లిప్పులు... హార్డ్‌వేర్ షాపు సరుకని తెలిసినా చాలా అందంగా ఉంటుంది.

ఈ కాలేజీ పేరెత్తితే సంగీతకారుడు జాన్ కేజ్, నాట్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అని పెద్ద పేర్లు చెబుతారు. నాకు మాత్రం ముందు లెక్కల మాస్టారు మాక్స్ డేన్ గుర్తొస్తారు. జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ ఇచ్చిన ప్రసిద్ధ లెక్కల సమస్యల్లో మూడోదాన్ని 1900లోనే తేల్చిన మనిషి. యూదుడు కాబట్టి జర్మనీ వదిలి నార్వే, సైబీరియా, జపాన్ల మీదుగా అమెరికా చేరుకున్నారు. 1945 నుంచి ఈ కొండల్లో కళాకారులకు జామెట్రీ చెప్పారు. 1952లో పోయారు. ఆ ప్రాంగణంలోని అడవిలోనే ఆయన సమాధి ఉంది.

ఆయన శిష్యుల్లో రూత్ అసావా ఒకరు. యుద్ధకాలంలో జపనీయ మూలాలున్న కుటుంబమని వాళ్ళను నిర్బంధ శిబిరంలో పెట్టారు. టీచర్ అవుదామని చదివితే, అదే కారణంతో ప్రాక్టీస్ టీచింగ్‌కు చోటు దొరకలేదు. 1946లో ఇక్కడికి వచ్చారు. లాండ్రీలో బట్టల మీద వేసే కాలేజీ ముద్రనే కాగితం మీద వరసగా వేస్తూ బొమ్మలు చేశారు. తర్వాత లోహపు తీగ అల్లి చేసిన శిల్పాలతో ప్రపంచానికి తెలిశారు.

1944 వేసవిలో ఆల్మా స్టోన్ విలియమ్స్ అనే నల్లజాతి విద్యార్థినిని చేర్చుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ బళ్ళు, నల్లవాళ్ళ బళ్ళు వేరువేరుగా ఉన్న కాలమది. లోపల గట్టి వాదనలే జరిగాయి. ఊరివాళ్ళు ఏమంటారో అన్న భయం కొందరికి నిజంగానే ఉంది. అయినా తలుపు తెరిచారు. నా దృష్టిలో ఆ కాలేజీ చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఇదే.

మరి ఎందుకు మూతపడింది? నిర్వహణ చేతకాక అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దాని బలమే దాని బలహీనత కూడా అయింది. బోర్డు లేదు కాబట్టి అడ్డుచెప్పేవాళ్ళు లేరు, ఆపదలో డబ్బు తెచ్చేవాళ్ళూ లేరు. అక్రెడిటేషన్, అంటే చదువు ప్రమాణాలకు అధికారిక గుర్తింపు, ఎన్నడూ రాలేదు. పంతుళ్ళ మధ్య తగాదాలూ తక్కువేం కాదు. రైస్ 1940లో, ఆల్బర్స్ దంపతులు 1949లో వెళ్ళిపోయారు. చివర్లో కవి చార్లెస్ ఓల్సన్ నడిపేనాటికి విద్యార్థులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. భూమి అమ్మి అప్పులు తీర్చారు.

కాలేజీ పోయినా అక్కడి చదువు పోలేదు. ఇందాక చెప్పిన రూత్ అసావా 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక మామూలు ప్రభుత్వ బడిలో పిల్లలకు కళలు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. పిండి, ఉప్పు, నీళ్ళు కలిపిన ముద్దతో వాళ్ళచేత బొమ్మలు చేయించారు. కళాకారులే బడికొచ్చి నేర్పాలని పట్టుబట్టారు. ఆ నగరంలో కళల కోసం నడిచే ప్రభుత్వ హైస్కూలుకు 2010లో ఆవిడ పేరు పెట్టారు.