మూడు రోజులు, రెండు పాత నగరాలు, ఒక కారు

శ్రోతలకు నమస్కారం.

వరసగా మూడు రోజులు సెలవు దొరికితే చాలు, స్నేహితుల్లో ఎవరో ఒకరు మ్యాపు తెరిచి ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెడతారు. కోట ఉన్న ఊరొకటి, పాత రాజధాని ఒకటి, "ఎలాగూ దారిలోనే కదా" అంటూ మరొకటి. ప్రయాణం చెడేది ఈ "దారిలోనే కదా" దగ్గరే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

రోజుకు 12 గంటల వెలుతురు అనుకుంటే మూడు రోజులకు 36 గంటలు. కార్లో అయిదుగురు, రానూ పోనూ 600 కిలోమీటర్లు అనుకుందాం. స్పీడోమీటరు ముల్లు 90 మీద ఉన్నా, మధ్యలో ఊళ్ళూ, ఆగి సేదతీరడాలూ కలిపితే సగటు గంటకు 50 దాటదు. అంటే 12 గంటలు కార్లోనే గడిచిపోతాయి. భోజనాలు, గది తీసుకోవడం, ఖాళీ చేయడం, అయిదుగురూ తయారై కిందికి దిగడం, వీటికి రోజుకు 4 గంటల చొప్పున మరో 12. మిగిలింది 12 గంటలు. ఒక పెద్ద కోటకో రాజప్రాసాదానికో 3 గంటలు, మ్యూజియానికి గంటన్నర, పాత వీధుల్లో నడకకు ఇంకో గంటన్నర. ఒక్కో నగరానికి 6 గంటలు. కాబట్టి రెండు నగరాలు. మూడోది చేరిస్తే ప్రయాణానికి మరో 3 గంటలు, ఇంకో గది తీసుకుని ఖాళీ చేయడానికి ఓ గంట పోతాయి. ఒక్కో ఊరికి మూడు గంటలు కూడా మిగలవు. గుమ్మంలో ఫొటో దిగి వెనక్కి రావడమే అవుతుంది.

ఇంకో సంగతి. హైవే మీద ఎంత వేగంగా వెళ్ళినా కలిసొచ్చేది అరగంటే. గంటలు గంటలు పోయేది ఆఖరి రెండు కిలోమీటర్లలో, పాత నగరం లోపల. అవి కార్లు పుట్టకముందు కట్టిన ఊళ్ళు మరి. కోట ద్వారాలను కావాలనే వంకరగా కట్టారు. దూసుకొచ్చే ఏనుగుకైనా గుర్రానికైనా జోరు తగ్గిపోవాలని ఆ మలుపు. అదే మలుపు ఇవాళ కారు వెనక తలుపును గీరేస్తుంది. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్ళిన దారిన పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే ఇరుకు ద్వారం దగ్గర కారును ముందు బయటి అంచుకు తీసుకెళ్ళి, ఆలస్యంగా తిప్పాలి. కారు కాగితాల్లో రాసి ఉండే వెడల్పులో సాధారణంగా పక్క అద్దాలు కలపరు. 1.75 మీటర్లని ఉన్న కారు అద్దాలతో కలిపి రెండు మీటర్ల దాకా ఉంటుంది. సందేహం వస్తే ఒకరు దిగి ముందు నడవండి. పక్క అద్దాలు మడిచి దూరిపోదామనుకోవద్దు, ముందు ఇరుక్కునేది మీరే, వెనక్కి రావాల్సిందీ మీరే.

ఫోను చెప్పే దారిని ఇలాంటి చోట గుడ్డిగా నమ్మకూడదు. ఎత్తయిన గోడల మధ్య ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి చెదిరి వస్తాయి. తెర మీద మన చుక్క పక్క సందులోకి దూకుతుంది, మనం తిరగకూడని చోట తిరుగుతాం. అంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. "కోట" అని కొడితే మ్యాపు కోట నడిబొడ్డున గుర్తు పెట్టి, దానికి దగ్గరగా ఉన్న రోడ్డుకు తీసుకెళ్తుంది. ఆ రోడ్డు కోట వెనక గోడ కింద ఉండొచ్చు. అక్కడ ద్వారమే ఉండదు. కాబట్టి స్మారకం పేరు కొట్టకండి, టికెట్ కౌంటరో పార్కింగో వెతికి ఆ గుర్తు పెట్టుకోండి. మ్యాపును ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ పోయినా దారి పోదు.

మంచి పద్ధతి ఏమిటంటే, పాత గోడల బయటే కారు ఆపేసి నడవడం. చాలా చోట్ల మరో దారి కూడా ఉండదు. వెనిస్‌లో కారు ఊరి అంచునున్న పియాత్సాలే రోమా కూడలి దగ్గరితో సరి. మొరాకోలోని ఫెజ్ పాత నగరం సందుల్లోకి కార్లు పోవు. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు 500 మీటర్ల లోపలికి పెట్రోలు, డీజిల్ బండ్లను రానివ్వరు, పార్కింగ్ నుంచి బ్యాటరీ బండ్లు తీసుకెళ్తాయి. స్పెయిన్‌లోని టొలెడో కొండ మీది ఊరు, కింద కారు పెట్టి పైకి వెళ్ళడానికి ఎస్కలేటర్లు కట్టారు. ఫ్లోరెన్స్ వంటి ఇటలీ నగరాల్లో నడిబొడ్డుకు పరిమిత ప్రవేశ హద్దు ఉంటుంది, అంటే అనుమతి లేని కార్లు దాటకూడని గీత. అక్కడ అడ్డంగా గేటేమీ ఉండదు, ఒక బోర్డూ కెమెరా మాత్రమే. దాటితే నంబరు ప్లేటు ఫొటో తీసుకుంటుంది, అంతే. అద్దె కారైతే ఆ జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. అందుకే గది బుక్ చేసేటప్పుడు అడగాల్సింది రెండే ప్రశ్నలు. కారు గుమ్మం దాకా వస్తుందా? రాకపోతే ఎక్కడ పెట్టి ఎంత దూరం నడవాలి? ఆ నడక రాళ్ళు పరిచిన వీధుల్లో అయితే చక్రాల సూట్‌కేసు మీకు శిక్షే. భుజానికి తగిలించుకునే సంచే నయం.

సెలవు దినాలు చూసుకోకుండా బయల్దేరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. స్పెయిన్‌లోని గ్రెనడాలో ఉన్న అల్‌హంబ్రా కోటలో, నస్రిద్ ప్రాసాదాల టికెట్ మీద లోపలికి వెళ్ళే సమయం అచ్చయి ఉంటుంది, ఆ వేళ దాటితే టికెట్ ఉన్నా లాభం లేదు. "మూసే వేళ" అని రాసిన సమయం బయటికి వచ్చేయడానికి. టికెట్లు అంతకు అరగంటో గంటో ముందే ఆపేస్తారు. మొదటి రోజు ఎలాగూ వెనకబడతారు, కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన కట్టడాన్ని రెండో రోజు పొద్దున్నే పెట్టుకోండి. వెలుతురు సంగతి కూడా ఆలోచించండి. మన గుళ్ళు ఎక్కువగా తూర్పు ముఖం, శిల్పాల మీద ఎండ పడేది ఉదయమే. యూరప్‌లోని పాత చర్చిలకు బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమర. వాటి ముందు భాగం మధ్యాహ్నం తర్వాతే బాగా కనిపిస్తుంది.

ఇక కారు. అయిదుగురు పెద్దవాళ్ళు, మనిషికి 70 కిలోలనుకుంటే 350. చిన్న కార్లు మోయగలిగేది చాలావరకు 400 నుంచి 450 కిలోలు. అంటే సామానుకు మిగిలేది మనిషికి 10 కిలోల నుంచి 20 కిలోల లోపే. బరువైన సంచులు డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టాలి. పైకప్పు మీద కట్టే బరువుకు కూడా హద్దుంటుంది, అది కారు పుస్తకంలో రాసి ఉంటుంది. పైన బరువు పెరిగితే మలుపుల్లో కారు ఒరుగుతుంది. వెనక అద్దం దగ్గర బల్ల మీద నీళ్ళ సీసా కూడా ఉంచొద్దు. గట్టిగా బ్రేకు పడితే అది నేరుగా ముందువాళ్ళ తల మీదికే వస్తుంది.

నిండుగా ఎక్కిన కారుకు టైర్లలో గాలి వేరు. డ్రైవరు తలుపు తెరవగానే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు ఉంటుంది. దాని మీద రెండు రకాల అంకెలుంటాయి, ఒకటి తక్కువ బరువుకు, రెండోది నిండు బరువుకు. టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన పెద్ద అంకె మాత్రం టైరు తట్టుకోగల హద్దు. అంతదాకా నింపకూడదు. గాలి చూసేది బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. పరుగు మీద వేడెక్కిన టైరు నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని తీసేస్తే చల్లబడ్డాక తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ నలిగి, వేడెక్కి, హైవే మీద పేలుతుంది.

పంక్చరైనప్పుడే తెలిసే నిజం ఒకటుంది. స్టెప్నీ చాలా కార్లలో డిక్కీ అడుగున, అంటే సామానంతటి కింద ఉంటుంది. కాబట్టి సర్దకముందే బయటికి తీసి చూడండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే సాధారణంగా 60 పీఎస్ఐ గాలి కావాలి, దాని మీద గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీయే ఉండదు, బదులుగా జిగురు సీసా, చిన్న పంపు ఇస్తారు. మేకు గుచ్చుకుంటే అది పనిచేస్తుంది, పక్కగోడ చిరిగితే చెయ్యదు. చక్రాలకు దొంగలు విప్పకుండా వేసే లాకు బోల్టులుంటే వాటి తాళపు ముక్క ఎక్కడుందో వెతికి పెట్టుకోండి, అది లేకపోతే స్పానరు ఉన్నా దండగ. మార్చేటప్పుడు జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే బోల్టులు అర చుట్టు వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రం బోల్టుతో పాటే తిరుగుతుంది, కారు జాకీ మీంచి జారే ప్రమాదముంది. బిగించేటప్పుడు ఎదురెదురుగా ఉన్నవి వరసగా బిగించి, 50 కిలోమీటర్ల తర్వాత మరోసారి చూసుకోండి.

కొండ మీది కోట నుంచి దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి ఉంచకండి. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే ఇంజనే పట్టి ఆపుతుంది. కాలిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కినట్టే, ఆపి చల్లారనివ్వండి. నీళ్ళు మాత్రం పోయొద్దు.

డ్రైవరు నిద్ర విషయంలో మొహమాటం పనికిరాదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. పగలంతా ఆఫీసులో పనిచేసి రాత్రి బయల్దేరడమంటే అదే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 110 మీటర్లు కారు నడిపేవాళ్ళు లేనట్టే. తెల్లవారుజామునా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యా శరీరం తనంతట తానే మందగిస్తుంది. రెండు గంటలకోసారి పావుగంట ఆపి డ్రైవరును మార్చండి. కాఫీ పనిచేయడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, అది తాగి ఆ వ్యవధిలోనే ఓ కునుకు తీస్తే రెండు లాభాలూ కలిసొస్తాయి. ఏసీలో లోపలి గాలినే తిప్పే బటన్ గంటల తరబడి నొక్కి ఉంచొద్దు. అయిదుగురు వదిలే ఊపిరితో లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి అందరికీ మగత వస్తుంది.

అద్దె కారైతే తాళం తీసుకునేటప్పుడే చుట్టూ తిరిగి గీతలు, కిలోమీటర్ల మీటరు, ఇంధనం ముల్లు వీడియో తీయండి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో ఉండాలి. లేని పేరువాళ్ళు నడిపినప్పుడు గుద్దుకుంటే బీమా రాకపోవచ్చు. పొరపాటున డీజిల్ బండిలో పెట్రోలు పడితే తాళం తిప్పకుండా అక్కడే ఆపండి, ఇంజన్ తిరిగితే ఖర్చు ట్యాంకుతో పోదు.

డబ్బుకు ఉమ్మడి నిధి, ఒక్కరే ఖజాంచీ. పెట్రోలు లెక్కకు కంపెనీ చెప్పిన మైలేజీ తీసుకోవద్దు. లీటరుకు 18 అని ఉంటే నిండు కారు, ఏసీలతో 15 అనుకోండి, 600 కిలోమీటర్లకు 40 లీటర్లు. ఇల్లు చేరిన రాత్రే మిగిలిన డబ్బు పంచేయకండి. కెమెరా చలానాలు ఆలస్యంగా వస్తాయి, లెక్క తేల్చేశాక వస్తే అవి పడేది కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ నెత్తినే.