హైదరాబాద్ పేరుతో ఎగిరిన బాంబర్లు: 1918లో ఆ కుర్రాళ్లు ఏమయ్యారు?

[స్క్రీన్ మీద: మ్యూజియంలో ఉన్న పాత బాంబర్]

లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఒక డీహెచ్-9ఏ బాంబర్ ఉంది, నెంబర్ ఎఫ్1010. హైదరాబాద్ నిజాం బహూకరించినది అని, హైదరాబాద్ నెంబర్ 12ఏ అని దాని మీదే రాసి ఉంటుంది. అవును, మన హైదరాబాదే! మొదటి ప్రపంచ యుద్ధంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో వచ్చిన విమానాలు బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కి వెళ్లాయి, దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరూ అలాగే వచ్చింది.

నిజాం దానం గురించి అందరం చెప్పుకుంటాం గానీ, వాటిలో ఎగిరిన కుర్రాళ్లు ఏమయ్యారో అడిగేవాళ్లు తక్కువ. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: 17, 28]

1918 సెప్టెంబర్ 14న వీళ్ల మొదటి దాడి. నవంబర్ 11న యుద్ధం ఆగిపోయింది. రెండు నెలలు కూడా నిండని ఆ కాలంలో శత్రువు చేతిలో పోయిన విమానాలు 17, ప్రమాదాల్లో తుక్కయినవి 28. అంటే జర్మన్ల దెబ్బకంటే ప్రమాదాలకే ఎక్కువ పోయాయి. అప్పట్లో అలాంటి స్క్వాడ్రన్‌కి ఉండేవే 18 విమానాలు, కాబట్టి ఉన్నవన్నీ పోయి, వాటి స్థానంలో వచ్చినవీ పోయి, ఇంకా పోతూనే ఉన్నాయన్నమాట. ఒక్కో దాంట్లో ఇద్దరు మనుషులు. అందరూ చనిపోలేదు, ఈ ఎఫ్1010లో ఉన్న ఇద్దరూ అక్టోబర్ 5న జర్మన్లకి దొరికిపోయి ఖైదీలయ్యారు.

ఎందుకింత నష్టం? వెళ్లాల్సింది జర్మనీ లోపలికి, అదీ పట్టపగలు. ఉన్నది ఒకే ఇంజిన్, అది మొరాయిస్తే శత్రువు నేల మీదే దిగాలి. దారి చూసుకోవడానికి మ్యాపు, దిక్సూచి, కింద కనిపించే నదులు, రైలు పట్టాలు, అంతే, మబ్బు కమ్మితే అవీ కనపడవు. ఎలాగో తిరిగొచ్చినా, దిగేది గడ్డి మైదానంలో.

[స్క్రీన్ మీద: కాక్‌పిట్ బొమ్మ]

ఒకసారి లోపల చూడండి. ముందు ఇంజిన్, దాని వెనక పెట్రోల్ ట్యాంకు, ఆ వెనకే పైలట్, పైలట్ వీపు వెనక తుపాకీ పట్టుకుని తోక వైపు కాపలా కాసే అబ్జర్వర్. చుట్టూ ఉన్నది చెక్క, గుడ్డ. ట్యాంకుకి తూటా తగిలి మంటలు లేచాయంటే దూకడానికి పారాచూట్ లేదు!

పారాచూట్ అప్పటికి కనిపెట్టలేదేమో అనుకోకండి. తాళ్లతో కట్టిన బెలూన్లలో నిలబడి శత్రువుని గమనించే బ్రిటిష్ సైనికులకి అవి ఉన్నాయి. 1918లో జర్మన్లు తమ పైలట్లకి కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. బ్రిటిష్ పైలట్లకి మాత్రం బరువెక్కువనీ, కూర్చునే చోట పట్టదనీ చెప్పి యుద్ధం ముగిసేదాకా ఇవ్వలేదు. విమానాలు పోతే కొత్తవి పంపారు గానీ, మనిషి బతికి బయటపడే దారి గురించి అంత తొందర చూపించలేదు, దాన్ని మాత్రం నేను క్షమించలేను.