జామచెట్టుకి తెల్లగా పిండి పట్టిందా? మందు కొట్టేముందు చీమల్ని చూడండి

నమస్తే అండీ. ఎండాకాలం వస్తే చాలు, అందరూ నన్ను అడిగేది ఒకటే, "జామకి తెల్లగా పట్టింది, ఏం కొట్టమంటారు?" అని. ఏం కొట్టాలన్నది తర్వాతండీ, ముందు ఆ కొమ్మ మీద ఎవరెవరున్నారో చూడండి. చెట్టుని కాపాడే పురుగునే చాలామంది వేళ్ళతో నలిపేస్తున్నారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆకుల మీద నల్లమసి ఉంటుంది చూశారా, దాన్ని తెగులనుకుని బూజుమందు కొట్టేస్తారు. ఆ తెల్లగా కనిపించేది పిండినల్లి అనే చిన్న పురుగండీ. అది చెట్టు రసం తాగుద్ది, అందులో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, అందుకే బోలెడు తాగేసి మిగిలిన తీపిని బంకలాగా కిందకి వదిలేస్తుంది. ఆ బంక మీద పెరిగేదే ఆ మసి. పిండినల్లి పోతే మసికి తిండే ఉండదు.

ఇప్పుడు చీమ సంగతి. పాడి అనుకోండి. పిండినల్లి గేదె, బంక పాలు, చీమ పాడిరైతు. గేదెల దొడ్లోకి పులి వస్తే రైతు ఊరుకుంటాడా? ఇక్కడ పులి అంటే పిండినల్లిని తినే అక్షింతల పురుగు, వచ్చీరాగానే చీమలు కరిచి తరిమేస్తాయి. అంతేకాదు, మేత అయిపోయిన చోటునుంచి లేత చిగురుకి గేదెని మోసుకెళ్ళేదీ ఈ రైతే.

ఇంకో చిక్కుందండీ, పులిపిల్ల కూడా చూడ్డానికి గేదెలాగే ఉంటుంది! క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగుని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్లపురుగుకి ఒళ్ళంతా తెల్ల మైనం పోగులు, అచ్చం పెద్ద పిండినల్లే. పుల్లతో కదిపి చూడండి, పిండినల్లి ఉన్నచోటే బద్ధకంగా ఉంటుంది, ఇదేమో గబగబా నడిచిపోతుంది, పోగులు కూడా పొడుగ్గా చిందరవందరగా ఉంటాయి. దాన్ని దయచేసి చంపకండి.

విజయవాడ పటమటలో మా పిన్నివాళ్ళ జామకి చీమలు ఎక్కకుండా మొదలు చుట్టూ ప్లాస్టిక్ షీటు బిగించి కట్టి దానిమీద గ్రీజు రాశాం, బెరడుకి నేరుగా రాయకూడదు. వారమైనా చీమలు తగ్గలా. తీరా చూస్తే బట్టలారేసే దండెం ఒక కొస ఆ కొమ్మకే కట్టుంది, తడి తువ్వాలు పక్కనుంచి ఒకదానెనక ఒకటి బారులు తీరి పోతున్నాయి! "పిన్నీ, దండెం విప్పేయ్" అన్నా. గోడకి తగిలే రెండు రెమ్మలు కూడా కొట్టేశాం. తర్వాత అక్షింతల పురుగులు వాటంతటవే వచ్చాయి, మేం ఎక్కడా కొనలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. బాగా పట్టిన రెమ్మలు కత్తిరించి కవర్లో మూటకట్టండి, మిగతావాటికి పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, ముందు కాస్త సబ్బునీళ్ళలో గిలక్కొట్టి కలపాలి, లేకపోతే పైకి తేలిపోతుంది. సాయంత్రమే కొట్టండి, మన ఎండకి మధ్యాహ్నం కొడితే ఆకు మాడుద్ది. వెంటనే రాలిపోవాలని చూడకండి, అది మెల్లగా పనిచేస్తుంది. పులిపిల్లలున్న కొమ్మని మాత్రం వదిలేయండి. జామకాయలో పురుగులొస్తున్నాయంటే అది పండుఈగ, రాలిన కాయ ఏ రోజుది ఆ రోజే ఏరేయాలి, లేదంటే పురుగు మట్టిలోకి దిగి కోశం కట్టేసి మళ్ళీ ఈగై లేస్తుంది. ఈగల్ని పట్టే బుట్టల గురించి ఇంకో వీడియోలో చెప్తా, ఈలోగా మీ దండెం ఎక్కడ కట్టుందో ఒక్కసారి చూసిరండి.